మధ్యవర్తి కావలెను

"మిలార్డ్, మా సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారు. దయచేసి ఒక్క వాయిదా..."

"అబ్జెక్షన్!"

అతని మాట ఇంకా పూర్తి కానేలేదు. ఆమె అప్పటికే లేచి నిలబడింది. లేచిన ఊపుకి నల్లగౌను అంచు పక్కనున్న ముసలి లాయరు గారి ముక్కుకి తగిలింది. హాయిగా కునుకు తీస్తున్న ఆయన ఉలిక్కిపడి లేచి, అలవాటు కొద్దీ "నో అబ్జెక్షన్ మిలార్డ్" అనేసి కూర్చున్నాడు.

కోర్టు హాలంతా గొల్లుమంది.

ఆ కోర్టులో వాళ్లిద్దరినీ అసలు పేర్లతో పిలిచేవాళ్లు లేరు. ఎదుటివాళ్లు నోరు తెరవకముందే అభ్యంతరం చెబుతుంది కనుక ఆమె పేరు 'అబ్జెక్షన్'. అతని పేరు 'వాయిదా'. అందులో అతని తప్పేమీ లేదు. అతని సీనియర్ ఎప్పుడూ పక్క కోర్టులోనే ఉంటాడు. ఆ పక్క కోర్టుకి వెళ్లి అడిగితే, ఇవతలి కోర్టులో ఉన్నాడంటారు. ఆయన చెప్పిరమ్మన్న వాయిదాలు అడిగి అడిగి పాపం కుర్రాడికి ఆ పేరు అంటుకుపోయింది.

"ఏమిటమ్మా మీ అభ్యంతరం?" అన్నాడు జడ్జి.

"ప్రతిసారీ ఇదే మాట మిలార్డ్. వాళ్ల సీనియర్ పక్క కోర్టులో కాపురం పెట్టినట్టున్నారు."

వాయిదా ఆమె వైపు చూశాడు. కోపంగా చూద్దామనుకున్నాడు కాని, మొహం సహకరించలేదు. నవ్వొచ్చేసింది. అది చూసి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

కేసు చిన్నదే. ఒకావిడకి కుర్చీల కార్ఖానా ఉంది. ఒకాయనకి నాటకాల హాలు ఉంది. హాలు నిండా కుర్చీలు చేసి బిగిస్తానని ఆవిడ ఒప్పందం రాసింది, చేసింది, బిగించింది. తీరా చూస్తే ఎవరు కాస్త కదిలినా కుర్చీ కిర్రుమంటోంది. నాటకంలో నాయిక కన్నుమూసే ఘట్టం రాగానే జనం కళ్లు తుడుచుకోవడానికి జేబుల్లో రుమాళ్ల కోసం వెతుక్కున్నారు. హాలంతా ఒక్కసారిగా కిర్రోమని మూలిగింది. చచ్చిపోయిన నాయికకి కూడా నవ్వొచ్చి తెర దించేయాల్సి వచ్చింది.

కుర్చీలు దండగ అన్నాడు హాలాయన. నీ నేలే వంకర అంది కుర్చీలావిడ.

ఇలాంటి గొడవ వస్తే కోర్టుకెక్కకుండా ఇద్దరికీ సమ్మతమైన ఒక మధ్యవర్తి చేత తీర్పు చెప్పించుకోవాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇద్దరికీ పేరు కుదరకపోతే కోర్టే ఒకరిని నియమించాలి. ఒక్క పేరు మీద ఏకాభిప్రాయానికి రాగలిగిన మనుషులైతే అసలు గొడవెందుకు పడతారు? అందుకని మధ్యవర్తిని వేయించండి బాబూ అంటూ కుర్చీలావిడ తరఫున అబ్జెక్షన్ కోర్టుకొచ్చింది, హాలాయన తరఫున వాయిదా వచ్చాడు. సీనియర్ నీడ లేకుండా ఆమె సొంతంగా చేస్తున్న మొదటి కేసు అది.

జడ్జి కళ్లజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"పేరు వెతకడానికి సీనియర్లు అక్కర్లేదు. మీరిద్దరూ ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకోండి. వచ్చే వాయిదాకి ఒక పేరుతో రండి. లేకపోతే నేనే వేసేస్తా. అప్పుడు ఏడ్చినా లాభం లేదు."

*

కోర్టు క్యాంటీన్లో మూల బల్ల దగ్గర కూర్చున్నారు. మధ్యలో రెండు టీలు.

"చెప్పండి మీ పేర్లు," అంది ఆమె.

"ముందు నేను చెప్తే మీరు వద్దంటారు."

"తర్వాత చెప్పినా వద్దంటాను. మొదలుపెట్టండి."

"రిటైరైన ఇంజనీరు గారు ఒకాయన ఉన్నారు..."

"ఆయన మీ హాల్లో పాసు మీద నాటకాలు చూస్తారు. వద్దు. కలప మీద పరిశోధన చేసిన ప్రొఫెసర్ ఒకరున్నారు."

"ఆయన ఇంట్లో సోఫా ఎవరు చేశారు?"

ఆమె టీ వైపు చూసింది.

"మీ క్లయింటే కదా?"

"క్లయింటు కాదు. క్లయింటు తమ్ముడు."

"అబ్బో, చాలా దూరం!" అన్నాడు వాయిదా. "సరే, ఇంకొకాయన. పెద్ద లాయరు. మంచి మనిషి."

"ఆయనకి చెవులు వినపడవు."

"మీకదే కదండీ కావాల్సింది! కిర్రుమనేది వినపడకపోతే కేసు మీరే గెలిచినట్టు."

నవ్వకూడదని ఆమె గట్టిగానే అనుకుంది. కాని టీ గొంతులో ఉండగా అలాంటి నిర్ణయాలు నిలవవు. పొలమారి దగ్గి, దగ్గులోంచి నవ్వేసింది. అతను ఆ నవ్వు చూస్తూ తన కప్పులో చక్కెర వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. ఇంకోసారి వేసుకున్నాడు.

"అది పాయసం అయిపోయింది," అంది ఆమె.

"నాకు తీపంటే ఇష్టమండీ," అని ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి, అయినా మొత్తం తాగేశాడు.

ఆ రోజు పేరు కుదరలేదు. మర్నాడూ కుదరలేదు. ఆ తర్వాత, పేరు కుదిరిపోతుందేమోనని ఇద్దరికీ లోపల ఎక్కడో బెంగ పట్టుకున్నట్టు, వంకలు మరీ విచిత్రంగా తయారయ్యాయి. ఒకాయన మరీ సన్నగా ఉన్నాడు కనుక కుర్చీ మీద ఆయన కూర్చున్నా లెక్కలోకి రాదని అతను వద్దన్నాడు. ఇంకొకాయన సంతకం వంకరగా ఉందని ఆమె వద్దంది.

"మా అక్కకి సంబంధాలు చూసినప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టలేదండీ," అన్నాడు వాయిదా.

"మీ అక్క మొహమాటస్తురాలేమో."

"మా అక్కా? పెళ్లికొడుకు చేత ఎక్కాలు చెప్పించుకుందండీ!"

*

చివరికి, అసలు కుర్చీలు చూడకుండా ఎన్ని కబుర్లు చెప్పుకుని ఏం లాభం అని ఒక మధ్యాహ్నం హాలుకి వెళ్లారు. వాళ్లు లోపలికి అడుగుపెట్టగానే వాన ఎత్తుకుంది. రేకుల మీద కుండపోత. హాలంతా ఖాళీ. వేదిక మీద ఒక్క దీపం.

మధ్య వరసలో పక్కపక్కన కూర్చున్నారు. కిర్రు, కిర్రు.

ఆ హాల్లో ఒకరికి తెలియకుండా ఇంకొకరు దగ్గరికి జరగడం అనేది జరిగే పని కాదు. అతను ఆమె వైపు కాస్త ఒరిగాడు. కిర్రు. భయపడి వెనక్కి సర్దుకున్నాడు. కిర్రు.

"ఎక్కడికి బయల్దేరారు?" అంది ఆమె, వేదిక మీంచి చూపు తిప్పకుండా.

"ఎక్కడికీ లేదండీ. సాక్ష్యం పరిశీలిస్తున్నా."

"సాక్ష్యం మీ సీట్లో కూడా ఉంది."

ఆమె అలా అంది కాని, తనూ ఒకసారి పరిశీలించింది. కిర్రు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నవ్వుకున్నారు.

వాన తగ్గేలా లేదు. ఉన్నట్టుండి అతను లేచాడు. "ఒక గొప్ప పేరు తట్టిందండీ! ఆయనకి మీరు వంక పెట్టలేరు. పులి!"

ఆమె ఉలిక్కిపడింది. కిర్రు.

పులి అంటే ఆ కోర్టులోనే జడ్జిగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన నవ్వగా చూసిన లాయరు లేడు. ఆయన తీర్పుకి వంక పెట్టిన లాయరూ లేడు. ఆ పులి ఆమె కన్నతండ్రి.

ఈ సంగతి కోర్టులో ఒక్కరికీ తెలియదు. వేరే ఊళ్లో చదువుకుంది, నాన్న రిటైరయ్యాక ఇక్కడ ప్రాక్టీసు మొదలుపెట్టింది. "నీ పేరు చెప్పుకుని ఒక్క కేసూ తెచ్చుకోను నాన్నా," అంటే, ఆయన "చెప్పుకుంటే నేనూరుకోను," అన్నాడు. అంతే. ఇవాళ ఆమెను ఎవరు తిట్టినా, మెచ్చుకున్నా, అది అచ్చంగా ఆమెదే.

ఈలోగా వాయిదా వేదికెక్కేశాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కనుబొమలు దగ్గరికి లాగి, గొంతు బొంగురు చేశాడు.

"కౌన్సెల్! మీ వాదన చాలా పొడుగ్గా ఉంది. నాకు మిగిలిన ఆయుష్షు పొట్టిగా ఉంది. రెండూ సరిపోయేలా చూడండి."

అచ్చు గుద్దినట్టు నాన్నే. కూరలో ఉప్పు తగ్గితే అమ్మతో మాట్లాడే గొంతు కూడా ఇదే. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వుకి వరసంతా కిర్రుకిర్రుమంది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, తుడుచుకుని, "ఆయన వద్దు," అంది.

"అదేంటండీ! ఆయనకంటే నిక్కచ్చి మనిషి..."

"వద్దంటే వద్దు."

"కారణం?"

చెప్పేద్దామనుకుంది. నోటి దాకా వచ్చింది. కాని ఈ కోర్టులో తనతో తనలాగే, భయం లేకుండా, మర్యాదలు నటించకుండా పోట్లాడే మనిషి ఇతనొక్కడే. రేపట్నుంచి ఇతను కూడా 'మీ నాన్నగారు' అంటూ నిలబడితే?

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను వేదిక దిగొచ్చాడు. ఆమె మొహం చూసి తగ్గాడు.

"సరేలెండి. మీకిష్టం లేకపోతే ఆయన పేరు నేను ఎత్తను. ప్రామిస్."

అతను మాట నిలబెట్టుకున్నాడు. ఎత్తింది జడ్జి.

*

"ఒక్క పేరు కూడా కుదరలేదా?" అన్నాడు జడ్జి నోరు తెరిచి. "ఇన్నాళ్లూ ఏం చేశారు?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. క్యాంటీన్ వాడిని అడిగితే చెప్పేవాడు.

"ఇక నేనే వేస్తున్నా," అని జడ్జి పులి గారి పేరు చదివాడు. "ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటా."

వెనక కూర్చున్న హాలాయన తల ఊపాడు. కుర్చీలావిడ కూడా ఊపింది. కేసు మొదలయ్యాక వాళ్లిద్దరూ ఒకేసారి తల ఊపడం అదే మొదలు.

"మాకు సమ్మత..." అనబోయి వాయిదా ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే నిలబడి ఉంది. ఎప్పటిలా దూకుతూ కాదు. మెల్లగా, బల్ల అంచు పట్టుకుని.

"అభ్యంతరం ఉంది మిలార్డ్."

"ఆయన మీదా? ఏమని?"

చెప్పకుండా ఊరుకోవచ్చు. కాని రేపు తీర్పు వచ్చాక ఆ తీర్పు మీదా, నాన్న మీదా మచ్చ పడుతుంది. 

"ఆయన మా నాన్నగారు."

 నిద్రపోయే ముసలి లాయరు కూడా కళ్లు తెరిచాడు. వాయిదా మొహంలో రక్తం లేదు. వేదిక, బొంగురు గొంతు, పొట్టి ఆయుష్షు, అన్నీ అతనికి వరసగా గుర్తొస్తున్నట్టు కనపడుతూనే ఉంది.

కుర్చీలావిడ మాత్రం వెనక నుంచి గౌను లాగి సంబరంగా గుసగుసలాడింది. "మీ నాన్నగారేనా తల్లీ! అయితే వద్దంటావేంటి? మనమే గెలుస్తాం!"

"అందుకేనండీ వద్దనేది," అంది ఆమె.

జడ్జి ఆమెను కొత్తగా చూశాడు. తర్వాత వాయిదా వైపు తిరిగాడు. "తెలిసీ మీకు సమ్మతమేనంటే, అది రాసిస్తే చెల్లుతుంది. ఏమంటారు?"

హాలాయన రెండు చేతులూ ఊపుతున్నాడు, ఒద్దు ఒద్దని. వాయిదా లేచాడు.

"మాకూ అభ్యంతరమే మిలార్డ్. వాళ్ల బంధుత్వం ఒక్కటే కాదు. అదీ... నిజం దాచకూడదు కనుక... ఆయనతో నాకు కూడా చుట్టరికం కలిసే అవకాశం ఉంది."

"మీకేం చుట్టరికం?"

"ఇంకా ఖరారు కాలేదు మిలార్డ్. అవతలి పక్షం ఒప్పుకోవాలి. ఆ వివరాలు చెప్పడానికి చిన్న వాయిదా ఇప్పిస్తే..."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గుమాస్తాకి అర్థమైంది. అతను ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత వరసకో నవ్వు లేచి, హాలంతా నిండింది.

జడ్జి బల్ల తట్టాడు. ఆయన పెదవులు కూడా మాట వినట్లేదు.

"అవతలి పక్షం ఏమంటుంది? ఒప్పుకుంటున్నారా, కాదంటున్నారా?"

ఆ కోర్టులో మొదటిసారి ఆమె 'అబ్జెక్షన్' అనలేదు. చెవులు వేడెక్కిపోతున్నాయి. అతన్ని చంపేయాలనిపించింది. తర్వాత, చంపితే కుదరదనీ అనిపించింది.

"మిలార్డ్," అంది చివరికి, "ఈ విషయం ఈ కోర్టు పరిధిలోకి రాదు."

"న్యాయమే," అన్నాడు జడ్జి. "పరిధి బయటికెళ్లి తేల్చుకోండి." అని ఇంకొక రిటైర్డ్ జడ్జిని, ఎవరికీ ఏమీ కాని ఆయన్ని, మధ్యవర్తిగా వేసి తరవాతి కేసు పిలిపించాడు.

*

వరండాలో ఆమె గబగబా నడుస్తోంది. బయట మళ్లీ వాన. ఇంతకాలం ఆమె నమస్కారానికి తల కూడా ఊపని పెద్ద లాయర్లు ఎదురొచ్చి మరీ, "నాన్నగారు కులాసాయేనామ్మా?" అంటున్నారు. ఒక్కొక్క పలకరింపుకి ఆమె మొహం ఒక్కో ఛాయ నల్లబడుతోంది.

అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఒక్క నిమిషం! సారీ. నిజంగా సారీ. ఆ మిమిక్రీ..."

"మిమిక్రీ బాగుంది. దాని గురించి కాదు." ఆమె గిర్రున తిరిగింది. "అంతమంది ముందు ఆ మాటేంటి? నన్ను ముందు అడగాలని లేదా?"

"అడుగుదామనే రోజూ వచ్చేవాణ్ని. నేను నోరు తెరిచేలోపు మీరు వద్దంటారు. మధ్యవర్తుల్నే అంతమందిని వద్దన్నారు, నేనెంత?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. "రేపట్నుంచి నేను ఏం గెలిచినా వాళ్ల నాన్న పేరు మీదే అంటారు. తెలుసా?"

అతను జోకు వేయలేదు. 

"అంటారు. కొన్నాళ్లు అంటారు. కాని ఇందాక ఒక్క మాట దాచుకుంటే మీ క్లయింటే గెలిచేదేమో, మీరు దాచలేదు. ఆ కోర్టులో ఉన్నవాళ్లకి అదీ తెలుసు." గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి. ఈ కేసు నేను వదిలేశా. ఫైలు మీరే తీసుకోండని సీనియర్‌కి ఇప్పుడే ఫోను చేశా. ఎదురెదురు నిలబడి, వెనక ఇలా... అది క్లయింట్లకి అన్యాయం. ఇద్దరిలో ఒకరు తప్పుకోవాలి. ఇది మీ మొదటి కేసు. మీరెందుకు తప్పుకోవాలి?"

"సీనియర్ ఏమన్నారు?"

"ముందు తిట్టారు. తర్వాత, ఇప్పుడు నేనే కోర్టుకి రావాలా అని అడిగారు. పాపం, ఆయనకి దారి తెలీదు."

ఈసారి ఆమె ఆపుకోలేదు. నవ్వుతూనే గొడుగు విప్పింది. చిన్న గొడుగు. ఇద్దరికి చాలదు.

"రా," అంది.

"ఏమన్నారు?"

"'రండి' అనలేదు. 'రా' అన్నా. వినపడదా నీకు?"

అతను గొడుగు కిందికి వచ్చాడు. సగం భుజం తడిసిపోతున్నా పట్టించుకోలేదు.

"అంటే... ఒప్పుకున్నట్టేనా?"

"ఆ పాయసం టీ మొత్తం తాగావు చూడు, అప్పుడే ఒప్పుకున్నా. ఇప్పుడు పద, మా నాన్నకి నువ్వే చెప్పాలి."

అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "రేపు వెళ్దామా?"

"వాయిదా లేదు. నడువు."

*

వాళ్లు వెళ్లేసరికి వార్త వాళ్లకంటే ముందే చేరింది. ఫోను మోగీ మోగీ అలసిపోయి ఉంది. ముందు గదిలో పెద్దాయన ఎర్ర పెన్సిలుతో పేపర్లో అచ్చుతప్పులు దిద్దుకుంటున్నాడు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, నవ్వు దాచుకోవడానికి చెంగు అడ్డం పెట్టుకుని.

"కూర్చోండి," అన్నాడు ఆయన. కుర్రాడు కూర్చున్నాడు, కుర్చీ అంచున మాత్రం. "మీ తరఫున మాట్లాడటానికి పెద్దవాళ్లెవరైనా?"

"మా అమ్మానాన్నా వస్తారండీ. ముందు నా మాట నేనే చెప్పుకోవాలని వచ్చా."

"చెప్పండి."

అతను చెప్పాడు. తడబడ్డాడు, మధ్యలో మంచినీళ్లు అడిగాడు, అయినా చివరిదాకా చెప్పాడు. ఆమె అంటే ఇష్టమనీ, ఆమె వద్దన్న ప్రతిసారీ ఇంకాస్త ఇష్టం పెరిగిందనీ, కేసు వదులుకున్నాననీ, ఆమె పని మాత్రం వదులుకోమని ఎప్పుడూ అడగననీ.

పెద్దాయన పెన్సిలు కింద పెట్టాడు. 

"ఈ విషయం నేను వినలేను," అన్నాడు.

ఆమె ముందుకొచ్చింది. "ఎందుకు నాన్నా?"

"నేను తటస్థంగా లేనమ్మా." ఆయన గొంతు ఎప్పటిలా బొంగురుగానే ఉంది, కాని ఎక్కడో పట్టు తప్పింది. "ఫోను వచ్చినప్పట్నుంచి ప్రయత్నిస్తున్నా. ఈ అబ్బాయి గుమ్మంలోకి రాకముందే ఇతనిలో తప్పులు వెతుకుతున్నా. గొడుగు అటు ఎందుకు పెట్టాడు, మంచినీళ్లు ఎందుకు అడిగాడు... నువ్వు అతన్ని చూసి నవ్వితే నాకు సంతోషంగానూ ఉంది, కడుపుమంటగానూ ఉంది. ఇలాంటివాడు తీర్పు చెప్పకూడదు. సర్వీసంతా ఒక్క కేసులోంచీ నేను ఇలా తప్పుకోలేదు. ఇంత కష్టమని తెలీదు."

ఆమె వెళ్లి నాన్న పక్కన కూర్చుంది. ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి తీయలేదు.

"మరి ఎవరు చెప్పాలి?" అంది అమ్మ.

"నిన్ను నియమిస్తున్నా. అభ్యంతరం ఎవరికైనా ఉందా?"

ఎవరికీ లేదు. అమ్మ చెంగు కిందికి దించి, కుర్రాణ్ని నిండుగా చూసింది.

"చూడు బాబూ, ఇది ఎదురు చెప్పకుండా ఒక్క పూట ఉండదు. తట్టుకోగలవా?"

"చెప్పకపోతేనే భయమేస్తుందండీ. ఒంట్లో బాలేదేమోనని."

"అయితే సరే. ఒప్పేసుకున్నా," అంది అమ్మ. "లేవండి అందరూ, అన్నం చల్లారిపోతోంది."

"అంతేనా?" అన్నాడు పెద్దాయన తెల్లబోయి. "ఒక్క ప్రశ్నకే? కారణాలు చెప్పవా?"

"మీరు తప్పుకున్నారుగా. ఇంక మాట్లాడకూడదు."

పెద్దాయన నోరు మూసుకున్నాడు. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో ఇంకో కంచం ఉంది. దాన్ని తన కంచం పక్కనే, కుర్రాడి ముందు పెట్టాడు. కాస్త గట్టిగానే పెట్టాడు.